మాట్లాడని నేస్తం: 'అరాయిగుమా రాస్కల్' ధారావాహికలో రకూన్ పాత్ర

పాఠం గురించి

కథలో ఒక పాత్రను పరిశీలించేటప్పుడు అది ఏం మాట్లాడుతుంది, ఏం చేస్తుంది, తక్కిన పాత్రలు దాని గురించి ఏమనుకుంటాయి అనే మూడు ప్రశ్నలు వేసుకోవడం మీకు అలవాటే. ఈ పాఠంలో మనం చదవబోయే పాత్ర దగ్గర మొదటి ప్రశ్న పనిచేయదు. ధారావాహికకు పేరు దానిదే, చూసినవాళ్లకు గుర్తుండిపోయిన ముఖం దానిదే, కాని 52 భాగాల్లో దాని నోట ఒక్క మాట రాదు. ఆ పాత్ర పేరు రాస్కల్. 1977లో జపాన్ టెలివిజన్‌లో వచ్చిన 'అరాయిగుమా రాస్కల్' అనే యానిమేషన్ ధారావాహికలో అది ఒక బాలుడు పెంచుకున్న రకూన్.

ఈ పాఠం చదివాక మీరు ఒక పాత్రను దాని మూలగ్రంథంతో పోల్చి చూడగలగాలి. ఒక ముగింపు కథలో ఇచ్చే అర్థానికీ, ప్రేక్షకుల జీవితంలోకి వెళ్లాక అది తీసుకొనే అర్థానికీ మధ్య తేడాను గుర్తించగలగాలి. ధారావాహికను చూడనివారు ఇబ్బంది పడనక్కర్లేదు. అవసరమైనంత కథ ఇక్కడే చెబుతాం.

జంతువు, దాని పేరు

ముందు రకూన్ అంటే ఏమిటో చూద్దాం, ఎందుకంటే తెలుగులో ఈ జంతువుకు పేరు లేదు. ఇది ఉత్తర అమెరికాకు చెందిన జంతువు. పిల్లి కంటే కాస్త పెద్దది, బూడిదరంగు బొచ్చు, తోక మీద నల్లని పట్టెలు, కళ్ల చుట్టూ దొంగ కట్టుకున్న గుడ్డలాంటి నల్లని మచ్చ. అన్నిటికంటే విశేషం దాని ముందరి పాదాలు. అవి చేతుల్లా ఉంటాయి. తలుపు గొళ్లెం తీయగలవు, మూత విప్పగలవు. వాగుల్లో, చెరువు గట్ల దగ్గర నీళ్లలో చేతులు పెట్టి తడుముతూ ఎండ్రకాయలనూ కప్పలనూ పట్టుకుంటుంది. మనుషుల దగ్గర పెరిగే రకూన్ తిండిని నీళ్లలో ముంచి కడుగుతున్నట్టు కనిపించడానికి కారణం ఈ తడిమే అలవాటే. అది శుభ్రత కోసం చేసే పని కాదు. కాని ఆ కనిపించడాన్ని బట్టే జపాన్‌లో దానికి 'అరాయిగుమా' అని పేరు పెట్టారు. కడిగే ఎలుగు అని అర్థం. ఆ పేరు కూడా దిగుమతి జంతువుకు పెట్టిన కొత్త పేరే. జపాన్ వాళ్లకు తరతరాలుగా తెలిసిన జంతువు 'తనుకి'. చూడటానికి రకూన్‌లాగే ఉంటుంది గాని అది కుక్కల కుటుంబానికి చెందినది. తనుకి మీద వాళ్లకు జానపద కథలు బోలెడు. అరాయిగుమా మీద ఒక్క కథా లేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, తరవాత పనికొస్తుంది.

ఇక 'రాస్కల్' అనే పేరు. మన దగ్గర ఇది అచ్చమైన తిట్టు. సినిమాల్లో పోలీసు అధికారి నోట వినే మాట. ఇంగ్లీషులో దీనికి ముద్దు అర్థం కూడా ఉంది. అల్లరి చేసిన మనవణ్ణి తాతయ్య "ఓరి భడవా" అన్నప్పుడు అందులో కోపం ఎంత ఉంటుందో ఈ పేరులోనూ అంతే. పేరులోనే దొంగతనం, ముద్దు రెండూ ఉన్నాయి. పాత్ర కథ అంతా ఈ రెండింటి మధ్య జరిగే లాగులాటే.

పుస్తకం నుంచి తెర మీదికి

ధారావాహికకు మూలం అమెరికన్ రచయిత స్టెర్లింగ్ నార్త్ 1963లో ప్రచురించిన 'రాస్కల్' అనే జ్ఞాపకాల పుస్తకం. అమెరికా బాలసాహిత్యంలో పేరున్న న్యూబెరీ ఆనర్ గుర్తింపు దీనికి 1964లో వచ్చింది. 1969లో డిస్నీ సంస్థ సినిమాగా తీసింది. పుస్తకంలోని కాలం 1918, మొదటి ప్రపంచ యుద్ధం చివరి రోజులు. స్థలం విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఒక చిన్న ఊరు. రచయిత దానికి బ్రెయిల్స్‌ఫర్డ్ జంక్షన్ అని పేరు పెట్టాడు. నిజానికి అది ఆయన పెరిగిన ఎడ్జర్టన్. పదకొండేళ్ల స్టెర్లింగ్‌కు తల్లి లేదు. అన్న ఫ్రాన్స్‌లో యుద్ధంలో ఉన్నాడు. తండ్రి మంచివాడే గాని తన లోకంలో తానుండే మనిషి. ఇంట్లో సెయింట్ బెర్నార్డ్ కుక్క వౌజర్, పో అనే పెంపుడు కాకి, ముందుగదిలో పిల్లవాడు స్వయంగా తయారు చేసుకుంటున్న పడవ ఉంటాయి. ఇలాంటి ఇంటికి ఒక రకూన్ కూన వస్తుంది. స్నేహితుడు ఆస్కార్ తల్లి గోధుమ గడ్డిపుల్లతో దానికి పాలు పడుతుంది. ఏడాది తిరిగేసరికి స్టెర్లింగ్ దాన్ని అడవిలో వదిలేస్తాడు. పుస్తకమంతా ఈ ఒక్క ఏడాదే.

నిప్పాన్ యానిమేషన్ సంస్థ దీన్ని 1977 జనవరి నుంచి డిసెంబరు దాకా ఫుజి టెలివిజన్‌లో ప్రతి ఆదివారం రాత్రి ఏడున్నరకు ఒక భాగం చొప్పున ప్రసారం చేసింది. అంతకు ముందు 1974లో 'హైడీ', 1975లో కుక్క ప్రధానపాత్రగా ఉన్న 'ఫ్లాండర్స్ కుక్క', 1976లో తల్లిని వెతుక్కుంటూ వెళ్లే మార్కో కథ ఇదే ఆదివారం వరసలో వచ్చాయి. పాశ్చాత్య బాలసాహిత్యాన్ని ఏడాది పొడవునా సాగే ధారావాహికలుగా మార్చడం ఈ వరస పద్ధతి. ఈ ఏడాది పొడవు అనే సంగతి మన విమర్శకు చాలా ముఖ్యం. రెండు మూడు రోజుల్లో చదివి ముగించగల పుస్తకం, ఒక కుటుంబం భోజనాల వేళ 52 వారాలు చూసే కథగా మారింది. పుస్తకంలో రాస్కల్ స్టెర్లింగ్‌తో గడిపింది ఏడాది. తెర మీద కూడా దాదాపు అంతే కాలం అది ప్రేక్షకుల ఇంట్లో ఉంది. కూనగా వచ్చింది, వాళ్ల కళ్ల ముందే పెరిగింది. ఇంట్లో పెరుగుతున్న పెంపుడు జంతువును చూసిన అనుభవానికి ఇంత దగ్గరగా వచ్చే కథారూపం మరొకటి లేదు.

మార్పుల్లో ఒకటి గమనించండి. పుస్తకం మొదలయ్యేసరికే స్టెర్లింగ్ తల్లి చనిపోయి కొన్నేళ్లయింది. ధారావాహికలో ఆమె మొదట బతికే ఉంటుంది, జబ్బుపడి మధ్యలో మరణిస్తుంది. అంటే తల్లి పోయిన దుఃఖాన్ని ప్రేక్షకులు స్టెర్లింగ్‌తో పాటు అనుభవిస్తారు, ఆ సమయంలో అతని పక్కన రాస్కల్ ఉంటుంది. పుస్తకంలో రాస్కల్ ఒంటరి పిల్లవాడి తోడు. ధారావాహికలో తల్లి ఖాళీ చేసి వెళ్లిన చోట మిగిలిన తోడు. పాత్ర చేసే పనులు మారలేదు, పాత్ర బరువు మారింది.

మాట్లాడని జంతువు

జంతువులు పాత్రలుగా ఉండటం మనకు కొత్తకాదు. చిన్నయసూరి 'నీతిచంద్రిక' చదివినవారికి చిత్రగ్రీవుడు, హిరణ్యకుడు, లఘుపతనకుడు తెలుసు. వాళ్లలో ఒకరు పావురం, ఒకరు ఎలుక, ఒకరు కాకి. కాని వాళ్లు రాజనీతి మాట్లాడతారు, మైత్రి గురించి తర్కిస్తారు. ఎలుక వలను కొరకడం తప్ప ఎలుకతనం అక్కడ పెద్దగా అవసరం లేదు. మహాభారతం చివర ధర్మరాజు వెంట నడిచిన కుక్క మాట్లాడదు, కాని అది కుక్క కాదని చివరికి తేలుతుంది. యమధర్మరాజే ఆ రూపంలో వచ్చాడు. ఈ రెండు పద్ధతుల్లోనూ జంతువు వెనక మరేదో ఉంది. రాస్కల్ వెనక ఏమీ లేదు. అది రకూన్ మాత్రమే, చివరి భాగం దాకా రకూన్‌గానే ఉంటుంది. జపాన్ యానిమేషన్‌లో మాట్లాడే జంతువులకు, మంత్రశక్తులున్న జంతువులకు కొదవ లేదు. వాటి మధ్య ఈ పాత్ర ప్రత్యేకత ఇదే.

మాట లేని పాత్రకు మనసు ఎలా ఇస్తారు? పుస్తకంలోనూ ధారావాహికలోనూ ఉన్న చక్కెర ముక్క ఘట్టాన్ని చూడండి. స్టెర్లింగ్ రాస్కల్‌కు ఒక చక్కెర ముక్క ఇస్తాడు. అది తన అలవాటు ప్రకారం ముక్కను ముంచి కడుగుతుంది. ముక్క కరిగిపోతుంది. రాస్కల్ గిన్నె అడుగంతా తడుముతుంది, చేతులు చూసుకుంటుంది, పిల్లవాడి వైపు చూస్తుంది.  పుస్తకంలో రెండో ముక్కను అది కడగకుండా నేరుగా నోట్లో పెట్టుకుంటుంది.

ఇంత చిన్న ఘట్టంలో ఎన్ని పనులు జరిగాయో లెక్కపెట్టండి. జంతువు తన స్వభావం ప్రకారమే నడిచింది, అందులో అబద్ధం లేదు. అయినా మనకు ఒక పసివాడి ఆశ, ఆశాభంగం, నేర్చుకోవడం కనిపించాయి. రాస్కల్ ఏమనుకుందో ఎవరూ చెప్పలేదు, మనమే పూరించుకున్నాం. మాట్లాడని జంతుపాత్ర బలం ఇక్కడే ఉంది: దాని మౌనాన్ని ప్రేక్షకుడు తన మాటలతో నింపుకుంటాడు, అలా నింపుకున్నది తనదే కాబట్టి గట్టిగా నమ్ముతాడు.

ఈ నింపుకోవడానికి యానిమేషన్ అదనంగా సాయం చేసింది. రాస్కల్‌కు గొంతు ఇచ్చింది మసాకో నొజావా అనే నటి. మాటలు లేవు గాని చిన్న చిన్న కూతలు, మురిపాలు, మూలుగులు ఆమెవే. మనిషి గొంతు కాబట్టి అందులో మనిషి భావం వినిపిస్తుంది. బొమ్మ గీయడంలో కళ్లు పెద్దవి చేసి, ఒళ్లు గుండ్రంగా చేసి, గోళ్లూ పళ్లూ కనబడకుండా మెత్తబరిచారు. నల్లని ముసుగు మచ్చ ఉంది గాని అది దొంగ ముసుగులా కాక ముఖానికి దిద్దిన అలంకారంలా ఉంటుంది. రెండు చేతులతో పట్టుకుని తినే భంగిమ పసిపిల్ల భంగిమ. అంటే కథ రాస్కల్‌ను అడవి జంతువుగానే ఉంచింది, గీత మాత్రం దాన్ని ఇంటి బిడ్డను చేసింది. ఈ రెండు చేతులూ ఒకే పాత్ర మీద పనిచేస్తున్నాయని మీరు గుర్తించగలిగితే పాఠంలో సగం అయినట్టే.

ఆగి ఆలోచించండి: మీకు తెలిసిన ఒక తెలుగు కథలోగాని సినిమాలోగాని మాట్లాడని జంతుపాత్రను గుర్తుతెచ్చుకోండి. దాని మనసును ప్రేక్షకులకు ఏ గుర్తుల ద్వారా చెప్పారో నాలుగైదు వాక్యాల్లో రాయండి.

మొక్కజొన్న చేను

కథ రాస్కల్‌ను ముద్దుగా మాత్రమే చూపించి వదిలేసిందని అనుకుంటే పొరపాటు. తీపి మొక్కజొన్న రుచి మరిగాక రాస్కల్ రాత్రిళ్లు ఇరుగుపొరుగు తోటల మీద పడుతుంది. కంకులు విరుస్తుంది, సగం కొరికి పారేస్తుంది, ఇంకొకటి విరుస్తుంది. తోటల వాళ్లు స్టెర్లింగ్ ఇంటికి వస్తారు. కట్టేస్తావా, కాల్చమంటావా అన్న దాకా మాట వెళ్తుంది. మెడకు పట్టీ వస్తుంది, తరవాత బోను వస్తుంది. బడికి తీసుకువెళ్లిన రోజున ఒక తుంటరి పిల్లవాడు రబ్బరు బ్యాండుతో కొడితే రాస్కల్ కరుస్తుంది. పుస్తకంలో దాన్ని పిచ్చికుక్క వ్యాధి అనుమానంతో పద్నాలుగు రోజులు బంధించి ఉంచుతారు.

ఈ భాగాలు నాకు ధారావాహికలో అన్నిటికంటే నిజాయితీగా కనిపిస్తాయి. ఎందుకంటే ఇక్కడ ఎవరూ దుర్మార్గులు కారు. చేను పోగొట్టుకున్నవాడి కోపం న్యాయమే. రాస్కల్ తప్పు చేయలేదు, అది చేసింది రకూన్ చేసే పనే. స్టెర్లింగ్ ప్రేమలో కూడా దోషం లేదు. ముగ్గురూ న్యాయంగానే ఉన్నారు, అయినా ముగ్గురూ ఒక ఊళ్లో ఉండటం సాధ్యం కాలేదు. రకూన్ ఏడాది నిండేసరికి ఎదిగిన జంతువు అవుతుంది. దాని బలం, కోపం, సంచారం పెరుగుతాయి. చిన్నప్పుడు చేసిన ముద్దు దానికి గుర్తుండవచ్చు గాని దాని స్వభావం మారదు. ఈ సంగతిని ధారావాహిక బోను ఊచల వెనక నుంచి చూసే రాస్కల్ ముఖం ద్వారా చెబుతుంది. పిల్లల కార్యక్రమంలో నేస్తాన్ని బోనులో పెట్టవలసి రావడం, అదీ ప్రేమించినవాడి చేతులతోనే, చిన్న విషయం కాదు.

పుస్తకంలో ఇదే అంశానికి మరో మెట్టు ఉంది. స్టెర్లింగ్ బొచ్చు అమ్మి డబ్బు సంపాదించడానికి నీటి ఎలుకలకు బోనులు పెట్టాలనుకుంటాడు. బొచ్చు వ్యాపారి పంపిన పట్టికలో, ఇనప ఉచ్చులో పాదం చిక్కిన రకూన్ బొమ్మ చూస్తాడు. యుద్ధ విరమణ జరిగిన రోజునే తన ఉచ్చులను అటక మీదికి ఎక్కించి, ఇక జంతువులతో తనకూ సంధి అని నిశ్చయించుకుంటాడు. పెంపుడు జంతువు మీది ప్రేమ దాని జాతి మీదికి, ఆ పైన జంతువులన్నిటి మీదికి విస్తరించిన క్షణం అది.

వీడ్కోలు

ఇప్పుడు ముగింపుకు వద్దాం. పుస్తకంలో రాస్కల్‌ను వదలడానికి కారణాలు ఇంట్లోనే, ఊళ్లోనే ఉన్నాయి. ఇరుగుపొరుగు బెదిరింపులు ఒక వైపు, ఇంటి పని చూడటానికి వచ్చిన ఆవిడ పట్టుదల మరో వైపు, అన్నిటినీ మించి రాస్కల్ ఎదిగి తన జాతిని వెతుక్కునే వయసుకు రావడం. స్టెర్లింగ్ తాను చేసిన పడవలో దాన్ని కొష్కొనాంగ్ సరస్సు దాటించి అడవి ఒడ్డుకు తీసుకువెళ్తాడు. చీకట్లో ఆడ రకూన్ కూత వినిపిస్తుంది. రాస్కల్ ఒడ్డు మీదికి దూకి ఆ కూత వైపు వెళ్లిపోతుంది. పిల్లవాడు వెనక్కి పడవ నడుపుకుంటాడు.

ధారావాహిక ఈ దృశ్యాన్ని నిలుపుకుంది. కాని దాని ముందు ఒక కొత్త కారణం చేర్చింది. తండ్రి పొలం దెబ్బతిని కుటుంబం ఆర్థికంగా చితికిపోయింది. స్టెర్లింగ్ ఊరు విడిచి మిల్వాకీ నగరంలో అక్క దగ్గర ఉండి చదువుకోవాలి. ఆ నగరంలో రాస్కల్‌కు చోటు లేదు.

తేడా చిన్నదిగా కనిపించవచ్చు. ఆలోచిస్తే పెద్దది. పుస్తకంలో విడిపోవడానికి కారణం రాస్కల్ రకూన్ కావడం. స్టెర్లింగ్ ఊళ్లోనే ఉన్నా అది జరిగి తీరేది. ధారావాహికలో ఆ కారణం పోలేదు గాని దాని మీద మరొకటి కప్పేసింది: కుటుంబ కష్టం వచ్చింది, పిల్లవాడు వెళ్లాలి, అందుకే విడిపోయారు. చూసేవాళ్లు ఏడ్చారు. దేనికి ఏడ్చారు? అడవి జంతువును ఇంట్లో పెంచడం కుదరదని తెలిసి కాదు, ప్రేమించుకున్న ఇద్దరు విడిపోయారని. పరిస్థితులు బాగుంటే రాస్కల్ స్టెర్లింగ్‌తోనే ఉండేది అన్న ఊహకు అక్కడ చిన్న సందు దొరికింది. ఇన్ని వారాల ముద్దు తరవాత ప్రేక్షకుడు ఆ సందులోంచే బయటికి వస్తాడు.

జపాన్‌లో ఏమైంది

ధారావాహిక ప్రసారమయ్యాక జపాన్‌లో రకూన్లను పెంచుకోవాలన్న ఉబలాటం పెరిగింది. ఉత్తర అమెరికా నుంచి దిగుమతి చేసి అమ్మేవారు. కొన్నవాళ్లు తెచ్చుకున్నది కూనను. ఏడాది తిరిగేసరికి ఇంట్లో ఉన్నది కరిచే, గొళ్లేలు తీసే, రాత్రంతా తిరిగే బలమైన జంతువు. కొన్ని తప్పించుకున్నాయి. కొన్నిటిని యజమానులే అడవి అంచున వదిలారు.

విషయాన్ని ఒక్క ధారావాహిక మీదికి నెట్టడం సరికాదు. అంతకు చాలా ముందే, 1962లో ఆయిచి ప్రాంతంలోని ఇనుయామాలో జంతుప్రదర్శనశాల నుంచి రకూన్లు తప్పించుకుని అడవిలో స్థిరపడ్డాయి. 1979లో హొక్కైదో ద్వీపంలోని ఎనివాలో పెంపకందారు దగ్గర నుంచి తప్పించుకున్నవి అక్కడి సంతతికి మూలమయ్యాయి. కూనను చేతికిచ్చి, అది ఎదిగాక ఏమవుతుందో చెప్పకుండా అమ్మిన వ్యాపారం ఉంది. దాన్ని ఆపే చట్టం అప్పటికి లేదు. అయితే జనానికి పేరైనా సరిగా తెలియని జంతువును కొనుక్కోవాలన్నంత దగ్గర చేసింది మాత్రం తెర మీది రాస్కలే. తనుకి గురించి జపాన్ పిల్లలకు తాతమ్మల కథలున్నాయి: అది మాయలు చేస్తుంది, మోసం చేస్తుంది, ఇంట్లోకి రానివ్వకూడదు. అరాయిగుమా గురించి ఉన్న కథ ఒకటే, అందులో అది పిల్లవాడి ఒళ్లో నిద్రపోతుంది.

జపాన్‌లో రకూన్‌కు దాన్ని వేటాడే పెద్ద జంతువులు దాదాపు లేవు. తోడేళ్లు 20వ శతాబ్ది ఆరంభానికే అంతరించాయి. ఏటా ఒక ఈతలో మూడు నుంచి ఐదు పిల్లలు. ఇప్పుడు రకూన్లు దేశంలో దాదాపు అన్ని ప్రాంతాలకూ వ్యాపించాయి. పుచ్చ, ఖర్బూజా, స్ట్రాబెర్రీ తోటలు పాడు చేస్తాయి. పంటనష్టం ఏటా పదుల కోట్ల యెన్లలో ఉంటుంది. పాత గుళ్ల చూరుల్లో, పైకప్పుల్లో కాపురం పెట్టి శతాబ్దాల నాటి కొయ్యపని మీద గోళ్ల గాట్లు పెడతాయి. వాగుల్లోని కప్పలనూ సాలమాండర్లనూ తింటాయి. హొక్కైదోలో అవి ఎక్కువగా పాడుచేసే పంటల్లో ఒకటి తీపి మొక్కజొన్న. స్టెర్లింగ్ ఊళ్లో రాస్కల్ మీద వచ్చిన మొదటి ఫిర్యాదు దేనికో మీకు గుర్తుంది కదా.

2004లో జపాన్ పార్లమెంటు విదేశీ ఆక్రమణ జీవజాతుల చట్టం చేసింది. 2005 జూన్‌లో అది అమలులోకి వచ్చింది. మొదటి జాబితాలోనే రకూన్ ఉంది. ఇప్పుడు దాన్ని దిగుమతి చేయడం, అమ్మడం, అనుమతి లేకుండా పెంచడం, అన్నిటికంటే ముఖ్యంగా బయట వదలడం నేరం. స్థానిక సంస్థలు తీపి తినుబండారాలు ఎరగా పెట్టి పెట్టెబోనులతో ఏటా వేలకొద్దీ రకూన్లను పట్టి చంపుతున్నాయి. అదే దేశంలో బొమ్మల రాస్కల్ సంచుల మీద, గ్లాసుల మీద, దుకాణాల్లో ఈనాటికీ నవ్వుతూ ఉంటుంది.

ఒకే పని, రెండు అర్థాలు

ఈ చరిత్రను చెప్పేవాళ్లు సాధారణంగా ఒక మాట అంటారు: ధారావాహిక చివర్లో రాస్కల్‌ను పెంచలేక అడవిలో వదిలేశారు కదా, ఆ హెచ్చరికను జనం పట్టించుకోలేదు అని. వినడానికి బాగుంటుంది. నేను దీనితో పూర్తిగా ఏకీభవించను. జనం ముగింపును పట్టించుకోకపోవడం కాదు, కొందరు దాన్ని అక్షరాలా పాటించారు. చేతకానప్పుడు ఏం చేయాలో రాస్కల్ కథ వాళ్లకు చూపించింది. నీళ్లు, చెట్లు, సాయంకాలం, కన్నీళ్లు, వెనక్కి తిరిగి చూడకుండా రావడం. అది జంతువును వదిలించుకోవడంలా కాక దానికి స్వేచ్ఛ ఇవ్వడంలా కనిపిస్తుంది. వదిలేసినవాడు తనను తాను స్టెర్లింగ్ అనుకోగలడు.

విస్కాన్సిన్ అడవిలో స్టెర్లింగ్ చేసింది నిజంగానే మంచి పని. రాస్కల్ పుట్టిన అడవి అది. అక్కడ దాని జాతి ఉంది, దాన్ని అదుపులో ఉంచే చలి ఉంది, శత్రువులు ఉన్నాయి. కూత వేసి పిలిచిన ఆడ రకూన్ ఆ దృశ్యంలో అలంకారం కాదు, వాదంలో కీలకం. రాస్కల్ ఇంటికి వెళ్తోంది అని చెప్పేది ఆ కూతే. హొక్కైదో అడవిలో అదే పని చేస్తే ఆ కూత వేసేవాళ్లు లేరు. ఉంటే ఇంకా ప్రమాదం, ఎందుకంటే వాళ్లూ ఇలా వదిలేసినవాళ్లే. అక్కడ రకూన్‌కు అది ఇల్లు కాదు, అక్కడి కప్పలకు రకూన్ అతిథీ కాదు. దృశ్యం మారలేదు, చేతులు మారలేదు, కన్నీళ్లు కూడా మారలేదు. స్థలం మారింది, దానితో పని అర్థం తలకిందులైంది.

కథను ఒక నేల నుంచి మరో నేలకు తెచ్చేటప్పుడు భాష మార్చాలని, పేర్లు మార్చాలని, వేషం మార్చాలని అనువాద పాఠాల్లో చదువుకుంటాం. 'అరాయిగుమా రాస్కల్' వేషాన్నీ పేర్లనూ స్థలాన్నీ చాలా శ్రద్ధగా అమెరికావిగానే ఉంచింది. ఆ శ్రద్ధలో లోపం వెతకడం కష్టం. రాక్ నది, సరస్సు, మంచు, గోధుమ చేలు అన్నీ అక్కడివే. కాని ముగింపులో ఉన్న పని మాత్రం ఆ నేలను అక్కడే విడిచి ప్రేక్షకుడి వెంట ఇంటికి వచ్చేసింది. పాత్రల పనులు ఎప్పుడూ ఇలాగే ప్రయాణం చేస్తాయి. అవి ఎక్కడ చెల్లుతాయో చెప్పే నేలను వెంట తీసుకురావు.

అయితే నిర్మాతలు ఏం చేసి ఉండవలసింది? చివర ఒక హెచ్చరిక పలక పెట్టాలా? 1977లో ఎవరూ అలా ఆలోచించి ఉండరు. పెట్టినా, 52 వారాల బొమ్మ ముందు పది సెకన్ల పలక నిలవదు. నా దృష్టిలో సమస్య ఉన్నది మిల్వాకీ ప్రయాణంలో. విడిపోవడానికి బోనొక్కటే కారణంగా ఉండనిచ్చి ఉంటే, రాస్కల్ ఎదగడమే కారణమని ఒప్పుకుని ఉంటే, ముగింపు ఇంత మెత్తగా ఉండేది కాదు, ఇంత మంది ఏడ్చేవారూ కాదేమో. కాని చేను పోయినవాడి కోపం వాళ్లకు గుర్తుండేది. మొక్కజొన్న చేను భాగాల్లో ధారావాహిక సంపాదించుకున్న నిజాయితీని వీడ్కోలు భాగంలో కొంత ఖర్చు చేసేసింది.

ఈ తీర్పుతో మీరు ఏకీభవించకపోవచ్చు. పడవ ప్రయాణంలో స్టెర్లింగ్ ముఖంలో కనిపించేది కేవలం దుఃఖం కాదని, రాస్కల్ వెళ్లిపోవాలనే అతనూ కోరుకున్నాడని వాదించవచ్చు. అలా వాదించేవారు ఆడ రకూన్ కూతను ప్రధాన సాక్ష్యంగా తీసుకోవాలి, మిల్వాకీ ప్రయాణాన్ని కేవలం నెపంగా చూపించగలగాలి. అది సాధ్యమే.

రాతపని: ఈ కింది వాటిలో ఒకదానికి సుమారు రెండు పుటల్లో జవాబు రాయండి.

చక్కెర ముక్క ఘట్టాన్నీ మొక్కజొన్న చేను ఘట్టాన్నీ పక్కపక్కన పెట్టి, రెండింటిలో రాస్కల్ చేసింది ఒకే రకమైన పని అని చూపండి. ఒక దానికి నవ్వు, మరొకదానికి బోను ఎందుకు వచ్చాయి?

మీ ప్రాంతంలో మనుషులు పట్టి పెంచే ఒక అడవి పక్షినిగాని జంతువునుగాని తీసుకుని, దాన్ని వదిలేసే దృశ్యంతో ముగిసే కథ రాయవలసి వస్తే, అది ఎక్కడ, ఏ కాలంలో, ఎవరి కూత వినిపించే చోట జరగాలో కారణాలతో వివరించండి.